స్టీరింగుపై చేయి

రాజమహేంద్రవరమునకు, కొవ్వూరునకు నడుమ గోదావరిపై 1974లో తెరచిన వంతెనకు రెండంతస్తులు గలవు. క్రింది అంతస్తున రైళ్ళు, పై అంతస్తున కార్లు, మోటారు సైకిళ్ళు పోవుచుండును. ఒక రైలు క్రిందుగాను, ఒక కారు పైగాను ఒకే సమయమున నది దాటుచున్నవనుకొందము. రైలు నడుపువానికి బండిని కుడియెడమలకు త్రిప్పు పనియే లేదు. ఆ పనిని పట్టాలు చూచుకొనును. అతడు వేగమును, సిగ్నళ్ళను కనిపెట్టియుండవలెను. పైనున్న కారు డ్రైవరు మాత్రము క్షణక్షణము స్టీరింగును సవరించుకొనుచునే యుండవలెను. దారి ఎంత తిన్నగా ఉన్నను అతని చేతులు ఊరకుండవు. గాలి తాకిడికి, రోడ్డు వాలునకు తగినట్లు, అతనికే తెలియకుండ, అవి చక్రమును సన్నసన్నముగా అటునిటు కదల్చుచుండును.

ఇటీవల ఈ భేదము కొంత తగ్గినది. రోడ్డుపై గీసిన తెల్లగీతలను చూచి తమంతట తామే స్టీరింగు త్రిప్పుకొను కార్లు మన దేశమునకు వచ్చినవి. 2021లో విడుదలైన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వంటి బండ్లతో ఈ సదుపాయము విలాసపు కార్లను దాటి సామాన్య సంసారుల కార్లలోనికి అడుగు పెట్టినది. డ్రైవరు ఒక బటను నొక్కినచో కారు రెండు గీతల నడుమ నిలదొక్కుకొని, ముందు పోవు బండికి తగిన దూరమున తానే నడచును.

అయితే ఈ కారునకు ఒక వింత స్వభావము గలదు. డ్రైవరు చేతులు తీసిన కొలది సేపటికే ‘స్టీరింగు పట్టుకొనుడు’ అని తెరపై చూపును. వినకున్నచో గంట కొట్టును. తానే త్రిప్పుకొనగల కారు మనిషి చేతిని ఏల అడుగవలెను? అంతకంటె వింత, రెండు చేతులతో బుద్ధిగా పట్టుకొని కూర్చున్నవానినికూడ అది అప్పుడప్పుడు గద్దించును. చెన్నై–కలకత్తా రహదారిపై ఇట్టి కారు నడుపువారికి ఇది నిత్యానుభవము. ‘పట్టుకొనే ఉన్నాను గదా!’ అని కారుతో వాదించువారు లేకపోలేదు.

ఈ రెండవ ప్రశ్నకు సమాధానము పదవ తరగతి విద్యార్థికి అందుబాటులోనే ఉన్నది.

ముందుటద్దము పైభాగమున, వెనుకచూపు అద్దమునకు దగ్గరగా ఒక చిన్న కెమెరా ఉండును. అది సెకనుకు అనేక పర్యాయములు రోడ్డును చిత్రించును. ఆ చిత్రములలో గీతలెక్కడున్నవో, వానినుండి కారు ఎంత దూరమున ఉన్నదో, ఏ కోణమున పోవుచున్నదో కంప్యూటరు లెక్కగట్టి ఒక విద్యున్మోటారునకు ఆజ్ఞ ఇచ్చును. ఈ మోటారు క్రొత్తది కాదు. స్టీరింగు తేలికగా తిరుగుటకై నేటి కార్లన్నిటిలోను దాదాపుగా ఉన్నదే. ఆ మోటారు డ్రైవరుకు ఎంత సాయము చేయవలెనో తెలియవలెనన్న అతడు చక్రమును ఎంత బలముతో త్రిప్పుచున్నాడో కొలువవలెను. అందుకై స్టీరింగు కడ్డీ నడుమ సన్నని ఉక్కుకడ్డీ నొకదానిని అమర్చుదురు. చక్రమును త్రిప్పినప్పుడు ఈ కడ్డీ కొద్దిగా మెలిపడును. మెలిక ఎంతయో తెలిసినచో బలభ్రామకము ఎంతయో తెలియును. ఈ కొలమానమునే తయారీదారులు ‘చేయి ఉన్నదా, లేదా’ అని తెలిసికొనుటకుకూడ వాడుకొనిరి. వేరొక పరికరము కొనునవసరము తప్పినది.

చిక్కు ఇక్కడనే ఉన్నది. బలభ్రామకమనగా బలమును, అక్షమునుండి దాని లంబదూరముతో గుణించగా వచ్చునది. స్టీరింగు వ్యాసార్ధము 18 సెంటీమీటర్లనుకొందము. ఒక్క కుడిచేతినే చక్రము కుడి అంచున వ్రేలవైచి, దాని బరువులో 5 న్యూటనులను, అనగా సుమారు అరకిలో బరువును, మోపినచో భ్రామకము 5 × 0.18 = 0.9 న్యూటన్-మీటరు. కడ్డీ మెలిపడును, కారు సంతోషించును. ఎడమచేతినికూడ ఎడమ అంచున అంతే బరువుతో ఉంచినచో అక్కడినుండి 0.9 న్యూటన్-మీటరు వ్యతిరేక దిశలో పనిచేయును. మొత్తము సున్న. కడ్డీకి మెలిక లేదు. డ్రైవరు చేతులు రెండును ఉన్నను, లేకున్నను కడ్డీకి ఒక్కటే. డ్రైవింగు నేర్పు గురువులు చెప్పినట్లు ఇరుప్రక్కల సమముగా పట్టుకొన్నవానినే కారు అనుమానించును. ఒంటిచేతితో నిర్లక్ష్యముగా పట్టినవానిని మెచ్చుకొనును! దారి వంపులు తిరిగినప్పుడు చేతులు కదలును గనుక ఈ తగవు రాదు. తాడేపల్లిగూడెము, తణుకుల నడుమ తిన్నని దారిలో వచ్చును.

ఉపాధ్యాయులు దీనిని ఒక పాత సైకిలు చక్రముతో తరగతిలో చూపవచ్చును. చక్రమును నిలువుగా, ఇరుసుపై స్వేచ్ఛగా తిరుగునట్లు బిగించి, అడ్డవ్యాసము ఒక కొనకు చిన్న బరువు కట్టినచో అది తిరుగును. రెండవ కొనకు సమానమైన బరువు కట్టినచో నిలిచిపోవును. ‘ఇప్పుడు చక్రముపై బరువులు ఉన్నవా, లేవా? ఇరుసునడిగి చెప్పుడు’ అని విద్యార్థులను ప్రశ్నింపవచ్చును.

ఈ లోపమును కనిపెట్టి కారును మోసగించినవారును కలరు. చక్రమునకు ఒకప్రక్క ఏదో బరువు తగిలించి, చేయి ఉన్నట్లు కారును నమ్మించి, తాము చేతులు కట్టుకొని కూర్చుండిరి. దీనికి విరుగుడుగా కొన్ని కార్లలో కెపాసిటరు పద్ధతి వచ్చినది. చక్రపు తోలుక్రింద వాహకపు పొర నొకదానిని పరతురు. మనిషి దేహము విద్యుద్వాహకము గనుక చేయి దగ్గరకు రాగానే ఆ పొర కెపాసిటీ మారును. చేతి ఫోను అద్దము వ్రేలిని గుర్తించుట ఈ సూత్రముననే. దీనికి మెలికతో పనిలేదు. సమముగా పట్టుకొన్న చేతులను చక్కగా గుర్తించును.

ఎంత మంచి పరికరమైనను అది చేయినే చూచును. చేయి ఉన్నచోట చూపుకూడ ఉన్నదని ఎట్లు నమ్మగలము? ఇక మొదటి ప్రశ్నకు, అసలు ప్రశ్నకు, రావలెను.

వాహనముల స్వయంచలన శక్తిని సున్ననుండి 5 వరకు ఆరు మెట్లుగా విభజించు పద్ధతిని అమెరికాలోని ఎస్.ఎ.ఇ. అను ఇంజనీర్ల సంఘము 2014లో ప్రకటించినది. స్టీరింగును, వేగమును రెంటిని కారే చూచుకొనుచు, బాధ్యత యావత్తు డ్రైవరుపైననే ఉన్నది రెండవ మెట్టు. ఇప్పుడు చెప్పుకొనుచున్న కార్లు ఈ మెట్టుపైననే ఉన్నవి. ఐక్యరాజ్యసమితి యూరోపు ఆర్థిక సంఘము రూపొందించిన 79వ నిబంధన ప్రకారము, ఇట్టి కారులో చేతులు తీసిన 15 సెకనులలోపల కంటికి కనబడు హెచ్చరిక రావలెను. 30 సెకనులలోపల ఎర్రగుర్తుతోపాటు చెవికి వినబడు హెచ్చరిక రావలెను. ఆ పిమ్మట మరి 30 సెకనులలోపల ఆ సదుపాయము తనంతట ఆగిపోవలెను.

15 సెకనులు స్వల్పకాలమే అనిపించును. లెక్క వేసి చూతము. గంటకు 80 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 22.2 మీటర్లు. మొదటి హెచ్చరిక వచ్చునప్పటికి కారు 333 మీటర్లు పోవును. నిమిషము ముగియునప్పటికి 1,333 మీటర్లు. అనగా రాజమహేంద్రవరమువద్ద గోదావరిలో దాదాపు సగము దాటినట్లే. మరి దారి తప్పుటకు ఎంతకాలము పట్టును? రహదారిపై రెండు గీతల నడుమ వెడల్పు 3.5 మీటర్లు, కారు వెడల్పు 1.8 మీటర్లు. నడిమధ్యన పోవుచున్న కారునకు ఇరుప్రక్కల 85 సెంటీమీటర్ల చోటు మిగులును. స్టీరింగు పొరపాటున కారు మొగము కేవలము 2 డిగ్రీలు ప్రక్కకు మళ్ళినదనుకొందము. ప్రక్కకు జరుగు వేగము 22.2 × సైన్ 2°, అనగా సెకనుకు 0.775 మీటరు. గీత దాటుటకు 1.1 సెకను చాలును.

ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. హెచ్చరిక గడియారము 15 సెకనులను లెక్కించుచున్నది. ప్రమాద గడియారము ఒక్క సెకనును లెక్కించుచున్నది. కనుక గంట కొట్టుట ప్రమాదమును ఆపుటకు కాదు. డ్రైవరు ఏమరుపాటు అలవాటుగా మారకుండ అడపాదడపా తట్టిలేపుటకు మాత్రమే. గంట మ్రోగలేదు గనుక క్షేమమేనని తలచుట పెద్ద పొరపాటు.

తట్టిలేపు ఈ ఉపాయము రైళ్ళనుండి వచ్చినదే. మన రైలు ఇంజనులలో జాగరూకతను పరీక్షించు సాధనమున్నది. నడుపువాడు 60 సెకనులపాటు ఏ మీటను తాకకున్నచో 8 సెకనులు దీపము మిణుకుమిణుకుమనును. ఆపై 8 సెకనులు గంట మ్రోగును. అప్పటికిని చలనము లేకున్నచో బ్రేకులు పడి బండి నిలిచిపోవును. ఇది రైలునకు చక్కగా సరిపోయినది. ఏలయన పట్టాలపై ఆగిన రైలును వెనుకనున్న సిగ్నళ్ళు కాపాడును. కారునకు అట్టి రక్షణ లేదు. రహదారి నడుమ హఠాత్తుగా ఆగిన కారును వెనుక వచ్చు లారీ గుద్దవచ్చును. అందుచేతనే నిబంధన స్టీరింగు సాయమును ఆపివేయుమన్నది. కాని నిద్రపోయినవానినుండి సాయమును ఉపసంహరించుటలోని వైపరీత్యము ఎవరికైనను తోచును. కొన్ని కార్లు ఇప్పుడు హెచ్చరిక దీపములు వెలిగించి, మెల్లమెల్లగా వేగము తగ్గించి నిలిచిపోవు ఏర్పాటుతో వచ్చుచున్నవి. ఇది మెరుగు.

ఐనను జాగ్రత్తగల మనిషి ఊరక చూచుచు కూర్చుండలేడా? ఏమరుపాటు బద్ధకస్తుల లక్షణమేనా? దీనిని రెండవ ప్రపంచయుద్ధ కాలముననే పరీక్షించిరి. రాడారు తెరల ముందు కూర్చున్న సైనికులు కొంతసేపటికి శత్రువుల జాడలను చూడక విడిచిపెట్టుట అధికారులను కలవరపరచినది. కేంబ్రిడ్జిలో నార్మన్ మాక్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు ఒక గడియారమువంటి యంత్రమును చేసెను. దాని ముల్లు సెకనుకొక అడుగు గంతువేయును. ఎప్పుడో ఒకసారి రెండడుగులు ఒక్కసారిగా గంతువేయును. అది చూచినంతనే బటను నొక్కవలెను, అంతే పని. రెండు గంటల పరీక్షలో మొదటి అరగంట గడచునప్పటికే మనుష్యులు గంతులను ఎక్కువగా విడిచిపెట్టసాగిరి. ఈ ఫలితములను అతడు 1948లో ప్రకటించెను. పరీక్షింపబడినవారు బద్ధకస్తులు కారు. ఏమియు జరుగని చోట ఏదో జరుగునని ఎదురుచూచుట మనిషి మెదడునకు మిక్కిలి కష్టమైన పని. చేతులు పనిలో ఉన్నంతకాలము మెదడు వానితో ముడిపడియుండును. ఆ ముడి విప్పిన పిమ్మట చూపు దారిపైననే ఉన్నను మనస్సు వేరొకచోటికి పోవును.

1983లో లీజన్ బెయిన్‌బ్రిడ్జ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞురాలు ఈ చిక్కును మరింత సూటిగా ఎత్తిచూపెను. యంత్రము సులభమైన పనులన్నిటిని తానే తీసికొని, తనకు చేతకాని కష్టమైన క్షణమును మాత్రము మనిషికి అప్పగించును. అన్నాళ్ళును పని చేయక అభ్యాసము తప్పిన మనిషి ఆ క్షణమున అందరికంటె నేర్పరియై ఉండవలెనట! ఆమె వ్రాసినది కర్మాగారములను, విమానములను గురించి. నేడు అది కారు డ్రైవరులందరికి వర్తించుచున్నది.

అమెరికాలో దీనికి తార్కాణములు దొరికినవి. 2016 మే నెలలో ఫ్లారిడాలోని విల్లిస్టన్ దగ్గర ఒక టెస్లా కారు, రోడ్డునకు అడ్డముగా తిరుగుచున్న లారీక్రిందికి దూసికొనిపోయి డ్రైవరు మరణించెను. ఆ ప్రయాణములో యంత్రము 37 నిమిషములు స్టీరింగు నడుపగా, చేయి ఉన్నట్లు గుర్తింపబడినది 25 సెకనులు మాత్రమే. చక్రపు మెలికను కొలచుట డ్రైవరు శ్రద్ధను కొలచుటకు సరియైన మార్గము కాదని అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చెను. 2018 మార్చిలో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో, మన తెలుగువారెందరో ప్రతిదినము పనికి పోవు దారిలోనే, మరొక ప్రమాదము జరిగినది. రోడ్డు రెండుగా చీలుచోట కారు గీతను పొరపడి, రెండు దారుల నడుమనున్న అడ్డుగోడవైపు తానే తిరిగినది. చివరి 6 సెకనులలో చక్రముపై చేయి ఉన్న జాడ లేదు. డ్రైవరు ఫోనులోని ఆటవలన పరధ్యానమున ఉండియుండునని ఆ మండలి 2020లో నిర్ణయించెను. 2023 డిసెంబరులో ఆ కంపెనీ అమెరికాలోని 20 లక్షలకు పైగా కార్లలో ఈ హెచ్చరికల ఏర్పాటును బలపరుపవలసివచ్చినది.

అమెరికాలో చక్కగా గీతలు గీసిన రోడ్లపైననే ఇట్లు జరిగినచో గోదావరి జిల్లాలలో ఈ కారు స్థితి ఎట్లుండును?

పెద్ద రహదారిపై చాలవరకు బాగుగనే నడచును. సిద్ధాంతము దగ్గర వశిష్ఠను, జొన్నాడ దగ్గర గౌతమిని దాటు 16వ జాతీయ రహదారి గీతలు కెమెరాకు ఆనును. రాత్రివేళ ఆ గీతలు మెరయుటకు కారణము రంగులో కలిపిన సన్నని గాజుపూసలు. దీపపు వెలుతురు పూసలో ప్రవేశించి, వంగి, వెనుక తలముపై పరావర్తనము చెంది, వచ్చిన దిక్కునకే తిరిగిపోవును. వాన కురిసి పూసలపై నీటిపొర నిలిచినప్పుడు ఆ వెలుతురు ముందునకు జారిపోవును. తుపాను రాత్రి డ్రైవరుకు కనబడని గీత కెమెరాకును కనబడదు. రాడారు ఉన్నది గదా యనవచ్చును. రాడారు తరంగములు వానలోను, మంచులోను చొచ్చుకొనిపోయి ముందున్న లారీని పట్టుకొనునుగాని, నేలపై పూసిన రంగును గుర్తింపలేవు.

రహదారి విడిచినచో కథ మారును. బొబ్బర్లంకనుండి ఆత్రేయపురము, లొల్ల లాకుల మీదుగా రావులపాలెము చేరు దారి కాలువ గట్టునంటి సాగును. ఇట్టి గట్టుదారులు డెల్టా అంతట కలవు. చాలచోట్ల అంచుగీత ఉండదు, ఉన్నను అరిగిపోయియుండును. ఉదయపు ఎండ ఏటవాలుగా పడునప్పుడు కొబ్బరిమానుల నీడలు రోడ్డుపై నల్లని, తెల్లని చారలను పరచును. మనిషి కంటికి అవి నీడలని వెంటనే తెలియును. కెమెరా వానిలోనుండి గీతను ఏరుకొనవలెను. దాళ్వా కోతల కాలమున రోడ్డు సగభాగమున ధాన్యమారబోయుదురు. నల్లని తారు వేడికి గింజ త్వరగా ఆరును గనుక రైతునకు అది కళ్ళమువలె అక్కరకు వచ్చును. సాయంకాలము ధాన్యమును కుప్పచేసి, బరకము కప్పి, గాలికి ఎగిరిపోకుండ అంచులకు రాళ్ళు పెట్టుదురు. తెల్లగీత దానిక్రింద ఎక్కడనో ఉండును. చీకటిలో ఆ రాయిని గుర్తించుట డ్రైవరుకే కష్టము.

గీత కనబడనప్పుడు కారు ఏమి చేయును? తెరపైనున్న చిన్న గుర్తు రంగు మారును. మోటారు పట్టు సడలించును. చాల కార్లలో ఇది పెద్ద ఆర్భాటము లేకుండనే జరుగును. అనగా దారి చక్కగా ఉన్నంతసేపు నడపి, ప్రక్కన కాలువ ఉన్నచోట, ఎదుట గడ్డి ట్రాక్టరు వచ్చుచున్నచోట స్టీరింగును డ్రైవరు ఒడిలో పెట్టును. బెయిన్‌బ్రిడ్జ్ చెప్పినది సరిగా ఇదియే. రహదారిపై గీత దాటిన కారునకు ప్రక్కన కొంత చోటుండును. గట్టుదారిలో ఆ చోటు లేదు. 2015 జూన్ నెలలో ధవళేశ్వరము బ్యారేజీపైనుండి ఒక వాహనము క్రిందపడి 22 మంది యాత్రికులు మరణించిరి. అది మనవైపు ఈ సాధనములు రాకముందటి మాట. నీటి అంచున దారి తప్పిన బండికి సవరించుకొను వ్యవధి ఎంత తక్కువో చెప్పుటకు ఆ పేరు చాలును.

మన రోడ్లకు తగిన యంత్రములు మన దేశముననే సిద్ధము కావలెనను ప్రయత్నమును జరుగుచున్నది. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ఆవరణమున తిహాన్ అను పరిశోధన కేంద్రము డ్రైవరులేని వాహనముల పరీక్షా క్షేత్రమును 2022 జూలైలో తెరచినది. అక్కడ తయారైన డ్రైవరులేని చిన్న విద్యుత్తు బస్సులు 2025నుండి ఆ ఆవరణములో విద్యార్థులను చేరవేయుచున్నవి. తెలిసిన దారిలో, తక్కువ వేగమున, డ్రైవరులేకుండ పోవుట ఒక సమస్య. తెలియని దారిలో, ఎక్కువ వేగమున, సగము యంత్రము సగము మనిషి కలసి పోవుట వేరొక సమస్య. రెండవదియే కష్టమైనది. మొదటిదానిలో బాధ్యత ఎవరిదో స్పష్టముగా తెలియును.

చేతికి బదులు కంటిని చూచు పద్ధతి ఇప్పుడు వ్యాపించుచున్నది. స్టీరింగు వెనుక చిన్న కెమెరా, కంటికి కనబడని పరారుణ దీపము ఉంచి, డ్రైవరు తల ఎటు తిరిగినది, రెప్పలు ఎంతసేపు మూతపడినవి కనిపెట్టుదురు. రాత్రియందును ఇది పనిచేయును. 2024 సెప్టెంబరులో అమలునకు వచ్చిన ఐక్యరాజ్యసమితి 171వ నిబంధన చేతులతోపాటు చూపునుకూడ గమనింపవలెనని విధించినది. చలువ కళ్ళద్దములు పెట్టినప్పుడు, తలపాగా నుదుటిపైకి దిగినప్పుడు దీనికిని ఇబ్బంది కలుగవచ్చును. అయినను ఫోనువైపు వంగిన తలను ఇది పట్టుకొనును, ఉక్కుకడ్డీ పట్టుకొనలేదు.

అందాక రావులపాలెము కూడలియొద్ద రహదారి విడిచి కొత్తపేటవైపు తిరుగు డ్రైవరు చేయదగిన పని యొకటి ఉన్నది. స్టీరింగు సాయపు బటనును నొక్కి ఆపివేయుట. గీతలు లేని దారులలో దానిని వాడరాదని కార్లతో ఇచ్చు పుస్తకములలో వ్రాసియే యుండును. దానిని ఆపినను, ఎదుట అడ్డు వచ్చినప్పుడు బ్రేకు వేయు ఏర్పాటు చాల కార్లలో వేరుగా పనిచేయుచునే యుండును.